ఫ్యాను వైపు చూసే పని

బెంగళూరు,
సోమవారం.

గౌరవనీయులు శ్రీ తిప్పన్న గారికి,

నమస్కారం. మనకు ముఖపరిచయం లేదు. సాఫ్ట్‌వేర్ బృందాల పనితీరును పరిశీలించి, అది మెరుగుపడే మార్గాలు సూచించడం నా వృత్తి. మీ అమ్మాయి జ్యోతిలక్ష్మి కోరిక మేరకు ఈ ఉత్తరం రాస్తున్నాను.

నాకు తెలిసినంతలో పరిస్థితి ఇది. మీ పట్టుచీరల మగ్గాల షెడ్డు పైన ఉన్న గదిలో ఆమె ఒక చిన్న బృందాన్ని నెలకొల్పింది. రైతులు తమ బోరు మోటారును ఫోనుతోనే నడిపి, ఆపుకునే యాప్‌ను ఆ బృందం తయారుచేస్తున్నది. ఇంతలో వైద్యురాలు ఆమెను ప్రసవం వరకు విశ్రాంతి తీసుకోమన్నారు. పుట్టింట్లో ఉంటే మేడ ఎక్కకుండా ఉండలేనని, ఆమె పామిడిలో అత్తగారింట్లోనే ఉండిపోయి, బృందాన్ని మీకు అప్పగించింది.

మోటారు స్టార్టర్లు తయారుచేసే ఇక్కడి కంపెనీవారు ఉగాది తర్వాత పనిని చూడడానికి వస్తారు. అప్పటికి అది సిద్ధంగా లేకపోతే ఒప్పందం రద్దవుతుంది. బృందంలోని పిల్లలందరూ ఉద్యోగాలు వెతుక్కుంటూ బెంగళూరు రైలెక్కుతారు. జ్యోతిలక్ష్మి బిడ్డతో తిరిగి వచ్చేసరికి ఆ గదిలో కుర్చీలు మాత్రమే మిగులుతాయి. ఆమె భయం అదే.

ఆమె నాకు పెట్టిన షరతు ఒక్కటే. ఫోన్లు వద్దు, మెయిళ్ళు వద్దు. మన సంప్రదింపులన్నీ కాగితం మీద, వివరమైన ఉత్తరాల రూపంలోనే సాగాలి. కారణం అడిగితే, “నాయన కలం పట్టుకుంటే తప్ప కుదురుగా కూర్చోడు” అన్నది. మీ చీరల పార్శిల్ ప్రతి శుక్రవారం ఇక్కడి బట్టల బజారు చిక్‌పేటకు వస్తుందట. మీ ఉత్తరాన్ని అందులో పెడితే నాకు చేరుతుంది.

మొదటి వారం దయచేసి ఏమీ మార్చకండి. ఎవరు ఏం చేస్తున్నారో చూసి, నాకు రాయండి.

గౌరవంతో,
ఉమాదేవి

తా.క.: చూడడం అంటే దూరం నుంచి చూడడం అని నా మనవి. నిరుడు ఒక యజమాని ఇదే సలహాను పాటిస్తూ, ఉద్యోగి కుర్చీలోనే సగం కూర్చున్నారు.

*

ధర్మవరం,
గురువారం.

అమ్మా ఉమాదేవి గారికి,

తిప్పన్న చేతులు జోడించి రాసుకుంటున్నాడు. ఇక్కడ వాన తప్ప అన్నీ సమృద్ధిగా ఉన్నాయి.

మీరు చెప్పినట్లే వారమంతా చూసినాను. చూడడం నాకు కొత్త కాదు. షెడ్డులో ఏ మగ్గం ఆడుతోందో, ఏది ఆగిందో ఇంట్లో అన్నం తింటూనే చెప్పగలను. చప్పుడు ఆగితే నేత ఆగినట్లు. అక్కడికి పోయి “ఏమప్పా, తెగింది దారమా, ఓపికా?” అని అడిగితే చాలు, మళ్ళీ చప్పుడు మొదలవుతుంది. మేడమీద కూడా అదే పద్ధతి పెట్టినాను. తలుపు పక్కన కుర్చీ వేసుకుని విన్నాను. అమ్మా, అక్కడ చప్పుడే లేదు!

ముందు శశి సంగతి చెబుతాను. చదువుకున్నవాడు, మంచి ఇంటి పిల్లవాడు. పూటంతా తలెత్తి ఫ్యాను వైపు చూస్తాడు.

“ఏమప్పా శశీ, ఏం చేస్తాండావు?” అన్నాను.

“ఆలోచిస్తాండా పెద్దాయనా.”

“ఆలోచన ఇంట్లో చేసుకోని రావల్ల గదా! ఈడికొచ్చి పని చేయల్ల.”

వాడు మళ్ళీ ఫ్యానునే చూసినాడు.

ఇక చంద్రిక. ఆ పిల్ల తెల్లబోర్డు ముందు నిలబడి వానితోనో వీనితోనో వాదిస్తూ ఉంటుంది. నేను లోపలికి రాగానే మాట ఆపేస్తుంది. పెద్దలంటే గౌరవం ఉన్న పిల్ల.

పనివాడంటే ఓబిలేష్. వాని కీబోర్డు మగ్గం మాదిరి ఆడుతుంది. నేను మెట్లెక్కేసరికే మోగుతూ ఉంటుంది, కూర్చున్నంతసేపూ మోగుతుంది. మీరు ఏమీ మార్చవద్దన్నారు కాబట్టి నేను ఏమీ మార్చలేదు. అందరినీ పిలిచి, వాని భుజాన ఒక పట్టు కండువా మాత్రం కప్పినాను.

ఇంత పొడుగు ఉత్తరం నేనెన్నడూ రాసినవాణ్ణి కాదు. చిత్తుప్రతి రాసి, దిద్ది, మంచిప్రతి ఎత్తడానికి పొద్దున కూర్చున్నవాణ్ణి, దీపాల వేళకు లేస్తున్నాను.

ఇట్లు మీ మేలుకోరే
తిప్పన్న

తా.క.: శశి చూసే ఫ్యానును ఊడదీయించినాను. ఇప్పుడు గోడను చూస్తున్నాడు. గోడ విషయంలో మీ సలహా కావాలి.

*

బెంగళూరు,
సోమవారం.

గౌరవనీయులు తిప్పన్న గారికి,

నమస్కారం. మీ ఉత్తరం చీర మడతల మధ్య నుంచి భద్రంగా అందింది. మీ పరిశీలన నిశితమైనది. దాని నుంచి మీరు చేసిన నిర్ణయాల గురించి మాత్రం కొంత చెప్పవలసి ఉంది.

మగ్గం దగ్గర చప్పుడూ నేతా కలిసి సాగుతాయి. సాఫ్ట్‌వేర్‌లో ఆ రెండూ వేరువేరు. మోటారు ఏ పరిస్థితిలో ఆగాలో తేల్చుకోవడానికి ఒక పూట పడుతుంది. తేలినదాన్ని రాయడానికి పావుగంట చాలు. ఆ పూటంతా మనిషి ఊరికే ఉన్నట్లు కనబడతాడు. శశి ఫ్యానును చూస్తున్నాడని మీరు రాశారు. బహుశా అతనికి కనబడుతున్నది పాతాళంలో ఉన్న మోటారు.

అలాగే, ఎక్కువ రాయడం ఎక్కువ పని కాదు. అవసరం తీరిన పాత భాగాలను తొలగించడం కూడా మంచి పనే. రాసే చేతులను మీరు గుర్తించారు. ఆలోచించేవారినీ, తొలగించేవారినీ కూడా గుర్తిస్తే బృందానికి మేలు జరుగుతుంది.

గౌరవంతో,
ఉమాదేవి

తా.క.: ఫ్యానును దయచేసి తిరిగి బిగించండి. నేను నల్లమాడలో పుట్టి పెరిగినదాన్ని. మన వైపు ఎండలెలా ఉంటాయో నాకు తెలుసు. గోడ వల్ల ఎవరికీ గాలి రాదు.

*

ధర్మవరం,
గురువారం.

అమ్మా ఉమాదేవి గారికి,

తిప్పన్న నమస్కరించి, కొంచెం భయపడుతూ రాసేది. ఫ్యాను బిగించినాము.

మీ మాట మేరకు గదిలో అందరి ముందూ చెప్పినాను. “ఇంక మీదట రాసినోనికి లేదు, తీసేసినోనికి కండువా” అని. చంద్రిక అప్పటికే పాత సరుకు ఎంతో తీసేసి ఉన్నదట. ఆమెకు కప్పినాను. అది చూసి ఓబిలేష్‌కు మనసు నొచ్చింది. మొదటి కండువా వానిది గదా. ఆ మధ్యాహ్నం కూర్చుని వాడు కూడా తీసేసినాడు. ఏది తీసేయాలని ఎవరినీ అడగలేదు. వాడు తీసేసిన వాటిలో మోటారును ఆపమని చెప్పే భాగం కూడా ఉంది.

మేము చేసిన యాప్‌ను మొదట నా స్నేహితుడు పాపన్న తోటలో పెట్టి చూస్తాము. మీ నల్లమాడ దగ్గరే. వాడు మరునాడు నాకు ఫోను చేసినాడు.

“తిప్పన్నా, మోటారు ఆగల్యా!”

“పోయి స్విచ్చి ఆపప్పా.”

“నేను యాడుండా? కదిరిలో పెండ్లిలో ఉండా. ఫోనుతోనే ఆపొచ్చు, యాడికన్నా పోవచ్చునని నువ్వే గదా చెప్పింది! నీ మాట నమ్మి మూడేండ్ల తర్వాత మొదటిసారి పెండ్లికి వచ్చినా.”

పగటి కరెంటు పోయేదాకా నీళ్ళు పారినాయి. చీనీపండ్ల తోట మునిగి, గట్టు తెగి, పక్కాయన బీడు తడిసింది. ఈ సంగతి ఎట్లనో కంపెనీవారి చెవిన పడింది. ఉగాది తర్వాత కాదు, ముందే వస్తామని కబురు చేసినారు. చంద్రికకు బెంగళూరులో ఉద్యోగం సిద్ధంగా ఉందని షెడ్డులో అనుకుంటున్నారు. ఆ పిల్ల పోతే మిగిలినవాళ్ళను నేను ఆపలేను. జ్యోతికి ఏ ముఖం చూపించేది?

ఇట్లు
తిప్పన్న

తా.క.: పాపన్న పక్క తోటాయన ఫోను చేసి యాప్ కావాలన్నాడు. సరిచేసి ఇస్తామంటే ఒప్పుకోలేదు. “సరిచేసింది మాకెందుకన్నా? ఆగనిదే ఇయ్యి, అదీ పాపన్నకే ఇయ్యి” అన్నాడు.

*

బెంగళూరు,
సోమవారం.

గౌరవనీయులు తిప్పన్న గారికి,

నమస్కారం. జరిగినదానిలో నా పాలు ఉంది. తొలగించడం మంచి పని అని రాశాను. దేనిని తొలగించాలో నిర్ణయించుకోవడమే అసలు పని అని రాయలేదు. ఓబిలేష్‌ను కోప్పడవద్దు. మనమిద్దరం పెట్టిన పందెంలో అతను గెలిచాడు, అంతే.

ఇకపై కండువాలు వద్దు. బహుమతి ఉన్నంతకాలం మనుషులు బహుమతి కోసమే పని చేస్తారు. మోటారు మాట మరిచిపోతారు.

బదులుగా ఒక పద్ధతి పెట్టండి. ఎవరు ఏది రాసినా, అది రైతు ఫోనుకు చేరేముందు ఇంకొక మనిషి పక్కన కూర్చోవాలి. రాసినవారు దాన్ని మొదటి నుంచి చివరి దాకా ఆ మనిషికి వివరించి చెప్పాలి. పక్కన కూర్చునేవారు పండితులు కానక్కర లేదు. అడ్డు తగలకుండా, ఓపికగా వింటే చాలు. గట్టిగా చెబుతున్నప్పుడు తమ పొరపాటు తమకే వినబడుతుంది.

మీ అమ్మాయికి ఈ సంగతులేవీ నేను రాయలేదు. మీరు కూడా నిదానంగా ఉండండి. చేయి దాటిపోయినది ఏదీ లేదు.

గౌరవంతో,
ఉమాదేవి

తా.క.: ఇచ్చిన కండువాలను వెనక్కు తీసుకోకండి. ఎండలో తలకు చుట్టుకుంటారు.

*

ధర్మవరం,
గురువారం.

అమ్మా ఉమాదేవి గారికి,

తిప్పన్న సంతోషంగా నమస్కారం చేసి రాసేది. ఈ ఉత్తరం ఒక వారం ఆలస్యమైంది. పోయిన గురువారం మీకు రాస్తుండగా మేడమీద ఒక వింత జరిగింది. అది విని, రాసినది చించేసి, ఈ వారం మళ్ళీ మొదలుపెట్టినాను.

ఓపికగా వినేవారు కావాలన్నారు. మా అక్క సుబ్బలక్ష్మమ్మ ఉంది. మా షెడ్డులో చీరలు మడత పెట్టేది ఆమే. గురువారం నాకు మీ ఉత్తరం పని ఉంటుంది కాబట్టి నా కుర్చీలో ఆమెను కూర్చోబెట్టినాను. శశి తాను రాసినది ఆమెకు చెప్పడం మొదలుపెట్టినాడు.

“అవ్వా, ఇట్ల నొక్కితే ఆడ మోటారు ఆగల్లని కబురు పోతాది.”

“పోనీ నాయనా,” అన్నదట మా అక్క. కాసేపటికి ఆమెకు నిద్ర పట్టింది. శశి గమనించలేదు. గమనించినా ఆపలేదని చంద్రిక అంటోంది. చెబుతూ చెబుతూ ఒక్కసారిగా ఎగిరి నిలబడినాడట.

“కబురు పోతాది సరే, మోటారు ఆగిందా లేదా అని మనం అడగనే లేదు!”

ఆ కేకకు మా అక్క ఉలిక్కిపడి లేచి, “నేనేమీ అన్లేదప్పా, నా మీద అరుస్తావేంటికి!” అన్నదట.

ఎంతో కాలంగా దొరకని తప్పు ఆ విధంగా దొరికింది. ఆమె మళ్ళీ పడుకున్నాక ఇంకొకటి కూడా దొరికిందట. మీ పద్ధతి నాకు ఇప్పుడు పూర్తిగా అర్థమైంది.

ఇట్లు
తిప్పన్న

తా.క.: ఒక్క మనిషి నిద్రకే ఇంత ఫలితం ఉంటే, మనిషికొకరిని ఏర్పాటు చేయవచ్చా? మా షెడ్డులో మధ్యాహ్నం పూట నిద్రపోయేవాళ్ళకు కొదవ లేదు. మంచాలు మేడ ఎక్కించే ముందు మీ మాట కోసం ఆగినాను.

*

బెంగళూరు,
సోమవారం.

గౌరవనీయులు తిప్పన్న గారికి,

నమస్కారం. మంచాలు ఎక్కించకండి.

సుబ్బలక్ష్మమ్మ గారికి నా కృతజ్ఞతలు చెప్పండి. అయితే ఒక విషయం నన్ను ఇబ్బంది పెడుతున్నది. మీ బృందం పూర్తిచేసి, పరీక్షలో నిలబడిన పనుల లెక్కను జ్యోతిలక్ష్మి కంప్యూటర్ నాకు వారం వారం పంపిస్తున్నది. దాన్ని ఒక గీతగా వేసి చూశాను. ఆ గీత సోమవారం నుంచి నేల మీద పడుకుని ఉంటుంది. గురువారం లేచి నిలబడుతుంది. శుక్రవారం మళ్ళీ పడుకుంటుంది.

సుబ్బలక్ష్మమ్మ గారే కారణమని మొదట అనుకున్నాను. కానీ ఆమె మేడ ఎక్కకముందు నుంచే, నా మొదటి ఉత్తరం మీకు అందిన వారం నుంచే, గీత ఇలాగే ఉంది. నిజాయితీగా చెప్పాలంటే, నా సలహాల వల్ల అది ఎక్కడా కదలలేదు. ఇన్నేళ్ళ వృత్తిలో ఇటువంటిది నేను చూడలేదు.

గురువారం నాడు మాత్రమే ఆ గదిలో ఏదో జరుగుతున్నది. అది టిఫిను కావచ్చు, కరెంటు కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. ఒక్కొక్కదాన్నే వేరే రోజుకు మార్చి చూడండి. దొరికితే, కంపెనీవారు వచ్చేలోగా వారంలో మిగిలిన రోజులను కూడా గురువారం చేసుకోవచ్చు.

గౌరవంతో,
ఉమాదేవి

తా.క.: మనిషి నిద్రపోతున్నప్పుడు మంచం లేకపోయినా, తల కింద ఒక దిండు ఉంచండి.

*

పామిడి,
ఆదివారం.

అమ్మా ఉమాదేవి గారికి,

తిప్పన్న నమస్కారం. జ్యోతికి ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. ఆ సంతోషం ముందు చెప్పి, మిగతాది వరుసగా చెబుతాను.

మీరు చెప్పినట్లే పరీక్షలు చేసినాను. మంగళవారం మా అక్కను మేడమీద కూర్చోబెట్టి, పక్కనే నేను కూర్చున్నాను. ఆమె దిండు మీద హాయిగా నిద్రపోయింది. పని కదలలేదు. గురువారం టిఫినుకని తెప్పించే ఉగ్గాని బజ్జీ బుధవారం తెప్పించినాను. తిన్నారు. పని కదలలేదు. గురువారం మా అక్క బంధువుల పెండ్లికని కదిరికి పోయింది, బజ్జీ లేదు, కరెంటు కూడా రెండుసార్లు పోయింది. కింద ఆ సంగతులే మీకు రాస్తూ, కరెంటు ఎన్ని గంటలకు పోయిందో ఎవరినైనా అడుగుదామని మేడెక్కినాను. చెప్పులు కిందనే విడిచినాను.

తలుపు సందులో నుంచి చూస్తే, శశి ఫ్యాను వైపు చూస్తున్నాడు. చంద్రిక బోర్డు గుద్దుతూ అరుస్తోంది.

“కాదురా! మోటారు ఆగినాంక గదా ఫోనుకు చెప్పల్ల, ముందే చెప్తే ఎట్ల?”

“ఆ తప్పు నాది అక్కా, ఉండు, నేనే సరిచేస్తా,” అంటున్నాడు ఓబిలేష్.

“నువ్వు చేస్తే మళ్ళీ నల్లమాడ మునిగిపోతాది,” అన్నాడు శశి, ఫ్యాను మీద నుంచి చూపు తిప్పకుండానే. ముగ్గురూ నవ్వినారు.

నాకు దగ్గు వచ్చింది. శశి తల దించినాడు. చంద్రిక మాట ఆపేసింది. ఓబిలేష్ కీబోర్డు మగ్గమై ఆడింది. నేను పోయి వాని వెనుక నిలబడి, ఏం రాస్తున్నాడని చూసినాను. బసంపల్లి, పెనుకొండ, హిందూపురం, గౌరిబిదనూరు, దొడ్డబళ్ళాపురం.

“ఏమిదిరా?”

“బెంగళూరు రైలు పోయే దావలో స్టేషన్లు పెద్దాయనా.”

“ఏంటికి?”

“మెట్ల మీద మీ చెప్పుల చప్పుడైతే, చేతికి ఏదో ఒకటి ఉండల్ల గదా.”

“ఎప్పటి నుంచి?”

వాడు తల గోక్కుని, “కండువాకు ముందు నుంచే,” అన్నాడు.

నేను కరెంటు సంగతి అడగకుండానే కిందికి దిగి వచ్చి, ఉత్తరం ముందు కూర్చుని ఆలోచించినాను. మిగతా అన్ని రోజులూ మేడమీద ఉన్నది, గురువారం లేనిది ఏది? అమ్మా, ఆ వస్తువు అప్పుడు కలం పట్టుకుని కింద కూర్చుని ఉంది.

మరునాడు శుక్రవారం. పార్శిల్ ఆపించి, మళ్ళీ ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. శనివారం కూడా కూర్చున్నాను. ఆ తర్వాత కంపెనీవారు వచ్చేదాకా రోజూ కూర్చున్నాను. రాయడానికి సంగతులు లేక, మా షెడ్డులో మగ్గాల గురించి, ఒక్కొక్క దాని స్వభావం గురించి రాసినాను.

కంపెనీవారు వచ్చి, నేరుగా తోటకు పోయినారు. పాపన్న మళ్ళీ కదిరికే పోయి, అక్కడి నుంచి ఫోను నొక్కినాడు. మోటారు ఆడింది. మళ్ళీ నొక్కినాడు. ఆగింది, ఆగినట్లు ఫోనుకు చెప్పింది కూడా. పక్క తోటాయన ఒక్కడే ముఖం చిన్నబుచ్చుకున్నాడు. ఒప్పందం నిలబడింది. బెంగళూరు ఉద్యోగం సంగతి ఏమైందని చంద్రికను అడిగినాను.

“యాడికి పోతా పెద్దాయనా? ఈడ ఇప్పుడే గదా పని మొదలైంది,” అన్నది.

ఇదంతా నిన్న జ్యోతికి చెప్పినాను. నేను మేడ ఎక్కకపోతేనే పని జరుగుతుందని కనిపెట్టినట్లు, కొంచెం గొప్పగానే చెప్పినాను. అది పొట్ట పట్టుకుని, కుట్లు నొస్తాయని ఏడుస్తూ నవ్వింది.

“నాయనా, ఉత్తరాలే రాయల్లని ఆ మేడమ్‌కు షరతు ఏంటికి పెట్టినాననుకున్నావు? వారానికి ఒక్క దినమన్నా నువ్వు కింద ఉండల్లని! ఆమె పెద్ద పెద్ద ప్రశ్నలు అడుగుతాదని తెలిసే, ఏరి కోరి ఆమెకు చెప్పినా.”

ఈ సంగతి మీకూ తెలియదని నా నమ్మకం. మీరు నాకు సలహా ఇస్తున్నారని మీరు, మీకు వివరాలు ఇస్తున్నానని నేను అనుకుంటూ ఉన్నాము. మనిద్దరినీ పనిలో పెట్టి, అది మంచం మీద పడుకుని ఉంది. అయినా మీ మాటలు ఊరికే పోలేదు. చేయి దాటిపోయినది ఏదీ లేదని మీరు రాసిన ఆ ఒక్క వాక్యాన్ని నేను చాలాసార్లు చదువుకున్నాను.

జ్యోతి ధర్మవరం రావడానికి ఇంకా సమయం ఉంది. అంతవరకు నేను రోజూ మీకు రాస్తాను. శుక్రవారం మీకొక పెట్టె వస్తుంది. అందులో ఉన్నవన్నీ నా ఉత్తరాలే. చదవాలని నియమం లేదు. అడుగున ఒక చీర ఉంటుంది, అది మీది. జవాబులు మాత్రం క్లుప్తంగా రాయవద్దు. ప్రశ్నలు అడగండి తల్లీ, మూడు నాలుగు రోజులు పట్టేవి అడగండి.

ఇట్లు, మేడ దిగిన
తిప్పన్న

తా.క.: మనవరాలు తొట్టెలో వెల్లకిలా పడుకుని, రెప్ప వేయకుండా ఫ్యాను వైపు చూస్తోంది. మా వియ్యపురాలు గిలక్కాయ తీసుకుని ఆడించబోయింది. “ఉండమ్మా, అది పని చేస్తాండాది” అని నేనే ఆపినాను.